పదకొండేళ్లకు ఇరవై

అఫిడవిట్‌లో మొదటి వాక్యం ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుంది: ఫలానా వారి కూతురినైన నేను, వయసు ఇన్ని సంవత్సరాలు, వృత్తి ఇది, నివాసం ఇక్కడ, సత్యప్రమాణంగా చెప్పేది ఏమనగా. 1985 జూన్ రెండవ వారంలో, నాందేడ్ జిల్లా కోర్టు వరండాలో, అనుసూయాబాయి అనే మనిషి కోసం ఆ వాక్యం రాయబోయి, వయసు రాయవలసిన చోట నేను కలం ఆపవలసి వచ్చింది.

"ఏ వయసు రాయమంటవు? కాయిదం మీది వయసా, ఒంటి వయసా?" అని ఆమె అడిగింది.

"ఎవరికైనా ఒక్క వయసే ఉంటుంది."

"నాకు రెండున్నయి, వకీలమ్మ. కాయిదంల ముప్పై మూడు. నన్ను కన్న మా అవ్వ లెక్కల ఇరవై నాలుగు. సూడ్డానికైతె..." అంటూ చేతిని పైకెత్తింది. మణికట్టు దగ్గరి గాజులు అడ్డం లేకుండా మోచేతి దాకా జారిపోయాయి. ఆమె నవ్వింది. "సూడ్డానికైతె మా అవ్వకే అవ్వ లెక్కున్న."

ఆమె దగ్గర రెండు కాగితాలున్నాయి. ఒకటి 1972 కరువులో రోడ్డు పని దగ్గర ఇచ్చిన అట్ట కార్డు. అందులో ఆమె వయసు ఇరవై. బడికి పోని ఆమెకు, పుట్టుక నమోదు ఎక్కడా దొరకని ఆమెకు, ప్రభుత్వం ఏనాడైనా ఇచ్చిన వయసు అదొక్కటే. రేషన్ కార్డులోని వయసు కూడా దాన్ని చూసి రాసినదే. రెండవది నాందేడ్‌లోనే వజీరాబాద్ పేటలో ఒక ధర్మసంస్థ నడిపే చిన్న దవాఖానా చీటీ. ఆ దవాఖానాకు వారానికి రెండు రోజులు వచ్చే రామదాస్ అనే వైద్యుడు, లావెక్కకుండా, వయసు మళ్లకుండా, చిక్కి శల్యమైన యువతీ యువకులకు చక్కెర వ్యాధి ఎందుకు వస్తున్నదో తెలుసుకోవడానికి ఒక జాబితా తయారు చేస్తున్నాడు. జాబితాలో పేరున్న వారికి రెండేళ్లపాటు ఇన్సులిన్ ఉచితం. షరతులు రెండే. వ్యాధి ముప్పై ఏళ్లలోపు మొదలై ఉండాలి. బాల్యంలో తిండి ఎట్లా ఉండేదో పెంచిన పెద్దలు చెప్పాలి, చెప్పినదాన్ని కాగితం మీద పెట్టాలి. జాబితా జూన్ ఇరవై ఎనిమిది సాయంత్రం నాలుగింటికి ముగుస్తుంది.

అనుసూయకు వ్యాధి మొదలైంది 1983లో. ఒంటి లెక్కన అప్పటికి ఇరవై రెండేళ్లు. కాగితం లెక్కన ముప్పై ఒకటి. ఒక నెలకు సరిపోయే ఇన్సులిన్ సీసాను ఆమె రెండు నెలలు సాగదీస్తున్నది. ఇంకొక ఏడాది ఇట్లాగే సాగదీస్తే ఏమవుతుందో వైద్యుడు ఆమెకు దాచకుండా చెప్పాడు. ఆమె కూడా నాకు దాచలేదు.

*

అనుసూయ పుట్టిన ఊరు భోకర్ నుంచి కిన్వట్ వైపు పోయే దారిలో, రోడ్డు దిగి కోసెడు దూరం నడిస్తే వస్తుంది. ఆ ఊళ్లో ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, పోలీసు ఎదురైతే ఉర్దూ. తండ్రి లింగన్నకు నాలుగెకరాల మెట్ట ఉండేది. రెండేళ్లు వాన సరిగా పడక, మూడవ ఏడు అసలే పడక, బావి అడుగున బురద కూడా ఎండిపోయినప్పుడు ఆయన పని వెతుక్కుంటూ నిజామాబాద్ వైపు పోయాడు. ఒక్కసారి తిరిగి వచ్చాడు, జ్వరంతో. మళ్లీ పోలేదు; ఆ జ్వరంలోనే చనిపోయాడు. ముగ్గురు పిల్లలతో తల్లి జనాబాయి మిగిలింది. అనుసూయ పెద్దది. తరువాతి వారిద్దరూ మగపిల్లలు.

ప్రభుత్వం రోడ్డుకు కంకర కొట్టే పని పెట్టింది. పద్దెనిమిదేళ్లు నిండని వారిని పనిలోకి తీసుకోరాదన్నది నియమం. నియమం మంచిదే, చేసిన వారు పిల్లల మేలు కోరే చేసి ఉంటారు. అయితే ఇంట్లో పని చేయగలిగిన రెండవ జత చేతులు పదకొండేళ్ల పిల్లవైతే ఏం చేయాలో ఆ నియమంలో లేదు. హాజరు రాసుకునే ముకాదం అన్న మాటలను అనుసూయ నాకు ఆయన గొంతుతోనే చెప్పింది.

"పిల్ల వయసెంత, జనాబాయి?"

"పదకొండు."

"పదకొండంటే పని లేదు. పద్దెనిమిదని రాస్తె సాయెబుకు అనుమానమొస్తది, అందరికి సరీగ పద్దెనిమిదే ఎట్లయినయని. ఇరవై రాస్త. తలకు కొంగు కప్పుకొమ్మను. నోరు తెరవద్దను."

అట్లా ఒక్క పూటలో ఆమె జీవితంలోంచి తొమ్మిదేళ్లు పోయాయి. ఆ ముకాదం చెడ్డవాడని జనాబాయి గానీ, అనుసూయ గానీ ఎన్నడూ అనలేదు. ఆ ఊళ్లో ఆ సంవత్సరం అటువంటి ఇరవయ్యేళ్ల వారు చాలామంది ఉన్నారు.

పొద్దున పదకొండింటికి పని దగ్గర పిల్లలకు పాలపొడి కలిపిన పాలు పోసేవారు. తమ్ముళ్లిద్దరూ సత్తుగ్లాసులు పట్టుకొని వరుసలో నిలబడేవారు. అనుసూయ తల మీద కొంగుతో రాళ్ల కుప్ప దగ్గర కూర్చునేది. కాగితం మీద ఆమె పిల్ల కాదు. ఒక రోజు ఆకలికి తాళలేక పోయి వరుస చివర నిలబడింది. ముకాదం చూశాడు. పక్కనే పని తనిఖీకి వచ్చిన సాయెబు ఉన్నాడు.

"ఏమ్మో, ఇరవయ్యేండ్లదానివి, నీకు పాలేంది? నీ పిల్లలేరి? తోలకరాపో!" అని ముకాదం అరిచాడు.

"అందరు నవ్విండ్రు," అని చెప్పింది అనుసూయ. "నేను గూడ నవ్విన. నవ్వకపోతె దొరుకుత గద."

ఇంటి దగ్గర ఇంకొక నటన ఉండేది. ఆ రోజుల్లో రేషన్‌లో వచ్చిన ఎర్ర మైలో జొన్నలూ, వేయించి దంచిన చింతగింజల పిండీ తప్ప తినడానికి ఏమీ ఉండేది కాదు; అవి కూడా రోజూ ఉండేవి కావు. లేని రోజున కూడా చీకటి పడే ముందు జనాబాయి ముగ్గురు పిల్లలనూ గడప దగ్గర నిలబెట్టి, వీధిలో పోయేవారికి కనపడేట్టు, చేతులు కడిగించి నోళ్లు పుక్కిలింపజేసేది. అన్నం తిన్నవారు చేసే పని అది. నీళ్లకు కూడా కరువున్న ఏడు, ముంతెడు నీళ్లు దానికోసం ఖర్చు పెట్టేది. 'లింగన్న పెండ్లాం పిల్లలను పస్తు పెట్టింది' అన్న మాట ఊళ్లో పుట్టకూడదు. ఆ మాట పుట్టలేదు. అందులో ఆమె గెలిచింది.

*

పదిహేనవ ఏట అనుసూయకు అంబదాస్‌తో పెళ్లయింది. అతడు నాందేడ్ మోండా మార్కెట్లో పత్తి బోరాలు మోసే హమాలీ. ఇద్దరూ చిఖల్‌వాడీలో ఒక గది తీసుకున్నారు. ఏడేళ్లు బాగానే గడిచాయి. తరువాత ఆమెకు దాహం మొదలైంది. కుండెడు నీళ్లు తాగినా నాలుక ఎండిపోయేది. తిన్నది ఎక్కడికి పోతున్నదో తెలియకుండా ఒళ్లు కరిగిపోసాగింది. అంబదాస్ క్షయ అనుకున్నాడు. మొదట తన పళ్లెం వేరు చేసుకున్నాడు, తరువాత పడక వేరు చేసుకున్నాడు, తరువాత పర్భణీలో పని దొరికిందని పోయాడు. వదిలేశాడని ఆమె అనదు. అతడు ఆ మాట అనలేదు కాబట్టి.

వ్యాధి క్షయ కాదు, చక్కెర అని తేలినప్పుడు పక్క గది సంగవ్వ నమ్మలేదు.

"షక్కర్ బీమారి సేట్లకొస్తదే, అన్సూ! గద్దె మీద కూసోని పేడాలు తినేటోళ్లకు. నీకెట్లొచ్చె? సాటుంగ ఏం తిన్నవో చెప్పు."

"చింతగింజలు తిన్ననవ్వా."

"అయితె డాక్టరు తప్పు జెప్పిండు. చింతగింజలకు షక్కర్ రాదు, కడుపునొప్పొస్తది."

సంగవ్వ మంచి మనిషి. అయినా తియ్యటి చాయి వద్దన్న మనిషిని మంచివారు కూడా ఎంతకాలం పిలుస్తారు? వాడకట్టులో పేరంటానికి పోతే పెట్టినది వద్దనాలి. పెట్టినది వద్దంటే పెట్టినవారికి అవమానం. మెల్లగా ఆమె పోవడం మానింది. ఆమె రాదని తెలిసి పిలవడం వారూ మానారు. ఇన్సులిన్ సీసాను తడి ఇసుక నింపిన కుండలో దాచుకొని, గాజు సిరంజిని చెంబులో మరిగించుకొని, పొద్దున ఒక సూది, పొద్దుగూకే ముందు ఒక సూది తొడకు తానే గుచ్చుకునేది. సూది వేసుకున్నాక వేళకు తినకపోతే స్పృహ తప్పుతుంది. "ఇంట్లో ఎవరుంటారు?" అని రామదాస్ డాక్టరు అడిగితే, "నేనే ఉంట" అని జవాబు చెప్పింది. అందుకని సంగవ్వతో ఒక ఏర్పాటు చేసుకుంది. వాకిలి ఊడ్చేటప్పుడు సంగవ్వ చీపురు పిడితో ఆమె తలుపు మీద రెండు దెబ్బలు వేసి, "ఉన్నవానె?" అని అడుగుతుంది. "ఉన్న," అని లోపలినుంచి ఈమె అంటుంది. చాలా రోజులు పెద్దవారితో ఆమె మాట్లాడేది ఆ ఒక్క మాటే.

మిగిలిన మాటలు బాల్వాడీలో పిల్లలతో. వీధి చివర మహిళా మండలి నడిపే బాల్వాడీలో ఆమెది సహాయకురాలి పని. గోధుమరవ్వ ఉడికించి వడ్డించాలి. ఆమె వడ్డన నేను ఒకసారి చూశాను. పళ్లెం చాపి అరిచే పిల్లలను ఆగమని, గోడకు ఆనుకొని అడగకుండా కూర్చున్న పిల్లల దగ్గరికి గరిటె ముందుగా పోతుంది.

చిన్నప్పటి ఆకలికీ ఇప్పటి వ్యాధికీ ఉన్న లంకె ఏమిటని నేను రామదాస్ డాక్టరును అడిగాను. ఎదిగే వయసులో మాంసకృత్తులు అందకపోతే కడుపులోని క్లోమం ఎదగవలసినంత ఎదగదేమో, ఒళ్లు పెద్దయ్యాక ఆ చిన్న క్లోమం బరువు మోయలేక పడిపోతుందేమో అని ఆయన చెప్పాడు. మాటమాటకూ 'ఏమో' ఉంది.

"అంటే ఋజువు లేదు," అన్నాను.

"ఇంకా లేదు. ఒకే కరువులో బతికినవారిలో ఒకరికి వస్తుంది, పదిమందికి రాదు. ఎందుకో తెలియాలంటే ఎవరు ఎంత తిన్నారో తెలియాలి. ఆకలి సంగతి అడిగితే మాత్రం ఎవరూ చెప్పరమ్మా. రోగం చెప్తారు, ఆకలి చెప్పరు."

*

మొదట నేను తల్లి జోలికి పోకుండా పని జరపాలని చూశాను. గ్రామ జనన పుస్తకంలో 1961 సంవత్సరం పుటలు చెదలు తినిపోయాయి. ఎముకల ఎక్స్‌రే తీయిస్తే ఇరవై అయిదు దాటారా లేదా అన్నంత వరకు చెప్పగలరు గానీ, తిండి సంగతి ఎముకలు ప్రమాణం చేసి చెప్పవు. ముకాదం చనిపోయి నాలుగేళ్లు. సాక్షి ఒక్కరే మిగిలారు. జూన్ ఇరవయ్యవ తేదీన అనుసూయా నేనూ ప్రభుత్వ ఎస్టీ బస్సులో భోకర్‌కు పోయి, అక్కడినుంచి ఊరికి నడిచాము.

జనాబాయి మమ్మల్ని చూసి మొదట పొయ్యి ముట్టించింది. మాట తరువాత. జొన్నరొట్టెలు, పప్పు, వంకాయ కూర, పళ్లెం అంచున బెల్లం ముక్క. వచ్చిన పని ఏమిటో నేను చెప్పుతుండగా ఆమె వడ్డిస్తూనే ఉంది. చెప్పడం అయిపోయాక నడుము మీద చేయి పెట్టుకొని నిలబడింది.

"నా పిల్లలు ఉపాసమున్నరని ఎవలన్నరు?"

"ఎవరూ అనలేదమ్మా. కరువు అందరికీ వచ్చిందే."

"అందరికొచ్చింది. నా ఇంట్లకు రాలె. అడుగు ఊళ్లె, ఎవలనన్న అడుగు. లింగన్న పిల్లలు పొద్దుగూకంగ చేతులు కడగని దినముందా అని."

"అవ్వా," అన్నది అనుసూయ మెల్లగా, "వయసన్న చెప్పరాదు."

"వయసు కాయిదంల ఉన్నది గదనే. సర్కారు రాసింది."

"సర్కారు రాయలె. నువ్వు రాయించినవు."

"నేను రాయిస్తె నీకు పనొచ్చింది. పనొస్తె గింజలొచ్చినయి. ఇప్పుడు దానికి నన్ను కోర్టుకు పిలుస్తవా?" బెల్లం ముక్కను కూతురి పళ్లెంలోకి జరిపింది. "తిను. ఇట్ల తినకుంటనే ఎండిపోయినవు. రోగం లేదు, గీగం లేదు."

నాకు ఓపిక తక్కువ. న్యాయం తెలిసిన చోట ఆలస్యం నాకు నేరంలాగే కనిపించేది. నేను ఆమెకు ప్రమాణం అంటే ఏమిటో చెప్పడం మొదలుపెట్టాను. ప్రమాణం మీద అబద్ధం చెప్పరాదన్నాను. సగం చెప్పి సగం దాచినా అది అబద్ధమే అన్నాను. ఆమె మౌనం వల్ల కూతురి ప్రాణం పోతుందని కూడా అన్నాను. ఆమె అంతా విని నా ముఖంలోకి చూసింది.

"నువ్వెవలి బిడ్డవు తల్లీ? మీ అమ్మ నిన్ను పస్తు పండబెట్టిందని స్టాంపు కాయిదం మీద రాపిచ్చుకుంటవా? రాపిచ్చి అందరికి సదివి ఇనిపిస్తవా?"

అనుసూయ బెల్లం ముక్కను తీసి నా పళ్లెంలో పెట్టి, "ఇగ ఇడిసిపెట్టు, వకీలమ్మ. రొట్టె సల్లారుతది," అన్నది.

తిరుగు బస్సులో, ముద్‌ఖేడ్ దాటాక, ఆమె కిటికీ వైపు తిరిగి, "మా అవ్వ అబద్ధమాడుతలేదు," అన్నది. "పదమూడేండ్ల సంది చెప్పి చెప్పి, ఆమెకు గదే నిజమైంది." ఆ తరువాత వారం రోజులు ఆమె కోర్టు వైపు రాలేదు.

*

ఇరవై ఎనిమిదవ తేదీ శుక్రవారం. పదకొండింటికి నేను వరండాలోకి వచ్చేసరికి నా బల్ల ముందు నేల మీద జనాబాయి కూర్చొని ఉంది. ఒక్కతే వచ్చింది. నాందేడ్‌లో కోర్టు ఎక్కడో అడుగుతూ అడుగుతూ బస్‌స్టాండు నుంచి నడిచింది.

"రాసుకో," అన్నది, పలకరింపు లేకుండా. "కరువేడు దీనికి పదకొండేండ్లు. పోలాల అమాస ముంగట పుట్టింది. రాయి."

రాశాను. కరువు సంవత్సరం ఇంట్లో ఏముండేదో అడిగాను. చెప్పింది. మైలో జొన్నలు ఎన్ని రోజులకు ఎన్ని వచ్చేవో, చింతగింజలు ఎట్లా దంచేదో, ఏ నెలలో ఎన్ని పూటలు పొయ్యి వెలగలేదో, ఒక్కొక్కటే, పదమూడేళ్లుగా ఎవరో అడుగుతారని ఎదురుచూసినట్టు తడుముకోకుండా చెప్పింది. చేతులు కడిగించిన సంగతి కూడా చెప్పింది. నాలుగు పేరాలయ్యాయి. వైద్యుడి చీటీ అడిగినవి అన్నీ వచ్చాయి. నేను కలం మూత పెట్టబోయాను.

"ఇంకోటున్నది."

"చాలమ్మా. ఇంతే కావాలి."

"ఇంకోటున్నది, రాయి. ఉన్నది ముగ్గురికి సమానంగ ఎయ్యలె. పోరగాండ్లు ఏడ్చేటోళ్లు. వాండ్ల ఏడ్పు ఇనలేక వాండ్లకు ఏసేది. ఇది ఏడ్వకపోయేది. ఏడ్వదు గదాని దీనికి తక్కువేసిన. రాళ్లు కొట్టింది ఇదే. తక్కువ తిన్నది గూడ ఇదే."

"అది అవసరం లేదు. ఎవరూ అడగలేదు."

"నువ్వే గద అంటివి, సగం దాస్తె అబద్ధమని. దాని తమ్ముండ్లిద్దరికి ఈ రోగం లేదు. దీనికే ఎందుకొచ్చెనని డాక్టరు అడుగుతున్నడట. అందుకే రాయి."

అది అయిదవ పేరా అయింది. నేను చెప్పిన న్యాయసూత్రమే నా ముందుకు వచ్చి కూర్చున్నది కాబట్టి దాన్ని కాదనడానికి నాకు దారి లేకపోయింది.

నోటరీ మాణిక్‌రావు గారు ముసలివారు, పద్ధతి తప్పనివారు. చదువురాని వారి అఫిడవిట్‌ను వారికి తెలిసిన భాషలో బిగ్గరగా చదివి వినిపించి, ఒప్పుకున్నాకనే వేలిముద్ర వేయించాలి. 'చదివి వినిపించగా సరియని ఒప్పుకున్నది' అని కింద రాయాలి. నేను మరాఠీ ప్రతి చేతిలో పట్టుకొని తెలుగులో చదవడం మొదలుపెట్టాను. రెండవ పేరాలో ఉండగా అనుసూయ వచ్చింది. తల్లి వచ్చిందని ఎవరో చెబితే బాల్వాడీలో గరిటె వదిలి పరుగున వచ్చినట్టుంది. చేతికి ఇంకా రవ్వ అంటుకొని ఉంది. తల్లి వెనక స్తంభం పక్కన నిలబడింది. చదవడం ఆపి ఆమెను కాస్త అవతలికి పంపడానికి ఒక్క మాట చాలు. పన్నెండు దాటుతున్నది, నాలుగింటికి జాబితా ముగుస్తుంది అన్నదే నా మనసులో ఉంది. నేను చదువుకుంటూ పోయాను. అయిదవ పేరా కూడా, కోర్టులో చదివే గొంతుతో, ఒక్క మాట వదలకుండా చదివాను.

"అది కొట్టేయి," అన్నది అనుసూయ.

జనాబాయి వెనక్కి తిరగలేదు.

"కొట్టేయి వకీలమ్మ. అది అబద్ధం. నాకు సమానంగనే ఏసింది."

మాణిక్‌రావు గారు కళ్లద్దాల పైనుంచి చూశారు. "ప్రమాణం ఎవరిది? ఈమెదా, నీదా?"

"మా అవ్వది."

"అయితే మీ అవ్వ మాటే ఉంటుంది." ఆయన జనాబాయి వైపు తిరిగారు. "ఏమమ్మా, ఉంచాలా, కొట్టేయాలా?"

"ఉండనీ," అన్నది జనాబాయి, నేల చూస్తూ.

వేలిముద్ర పడింది. నేను సాక్షి సంతకం చేసి, ముద్ర వేయించి, కాగితం ఆరేలోగా స్తంభం దగ్గరికి పోయాను. అనుసూయ గొంతు తగ్గించి, తల్లికి వినపడకుండా, "నాకు ఎరుకనే," అన్నది. "పదకొండేండ్లకు అంత ఎరుక ఉండదా? తమ్ముండ్ల గిన్నెలు కడిగింది నేనే గద. నాకు ఎరుకున్నదని మా అవ్వకు ఎరుక గావద్దనుకున్న. గంతే."

కూతురు తల్లి దగ్గరికి పోయి, ఆమె బొటనవేలి సిరాను తన కొంగుతో తుడిచింది. సిరా పోలేదు.

"తిన్నవా అవ్వా?"

ఊరినిండా 'తిన్నం' అని చెప్పుకుంటూ బతికిన మనిషి, కోర్టు వరండాలో కూర్చొని, "లేదు," అన్నది. "రాత్రి సంది ఏం తినలె."

అనుసూయ సంచిలోంచి గుడ్డమూట తీసి విప్పింది. వేళకు తినవలసిన ఒకటిన్నర రొట్టె, ఇంత ఉల్లిగడ్డ కారం. సగం విరిచి తల్లి చేతిలో పెట్టబోయింది. జనాబాయి చేతులు వెనక్కి తీసుకున్నది.

"నీ వంతు నువ్వు తిను."

"ఇద్దరం తిందం."

"సూదేసుకున్నవా పొద్దుగాల?"

"ఏసుకున్న."

"అయితె మొత్తం తిను. నేను సూస్త."

నేను ఎదురుగా ఉన్న హోటల్ నుంచి ఇద్దరికీ ఏమైనా తెప్పిస్తానన్నాను. జనాబాయి చేత్తోనే వద్దని సైగ చేసింది. అనుసూయ తల వంచుకొని తినసాగింది. తల్లి మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని, మొదటి ముక్క నుంచి చివరి ముక్క దాకా, రెప్ప వాల్చకుండా ఆ తినడాన్ని చూసింది. చుట్టూ వకీళ్లూ, కక్షిదారులూ, చాయి గ్లాసుల చప్పుళ్లు. రొట్టె అయిపోగానే జనాబాయి లేచింది.

"ఇగ పోత. బస్సుకు ఆల్శమైతది."

అనుసూయ బస్‌స్టాండు దాకా వస్తానన్నది. జాబితా పని చూసుకొమ్మని తల్లి చెప్పింది. మెట్లు దిగి, గేటు దాటి, నీడ లేని దారిలో పోయింది. వెనక్కి చూడలేదు.

మూడింటికి మేము వజీరాబాద్ దవాఖానాకు చేరాము. రామదాస్ డాక్టరు అఫిడవిట్ చదివాడు. అయిదవ పేరా దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాడు. జాబితాలో అనుసూయాబాయి పేరు రాసి, వయసు గడిలో ఇరవై నాలుగు వేశాడు. నర్సు రెండు ఇన్సులిన్ సీసాలు తడి గుడ్డలో చుట్టి ఇస్తూ, "పెంచిన పెద్దలు వచ్చిండ్రా? ఇక్కడ వాళ్ల పేరు రాయాలె," అన్నది.

"మా అవ్వ. జనాబాయి."

"ఏదీ, ఎక్కడున్నది?"

"వచ్చి పోయింది. బస్సుకు ఆల్శమైతదని."

భోకర్‌కు బస్సు నాలుగున్నర దాకా లేదని అనుసూయకు తెలుసు. ఆమె సీసాలను సంచిలో పెట్టుకొని, ఎటు పోవాలో తేల్చుకోలేనట్టు దవాఖానా మెట్ల మీద కాసేపు నిలబడి, చివరకు తల్లి చెప్పిన సాకును అట్లాగే ఉండనిచ్చి, బస్‌స్టాండు వైపు కాకుండా చిఖల్‌వాడీ వైపు నడిచింది.